ఎడమ కాడ

మార్చి 9

మొన్న గురువారం సంగతి రాసి పెట్టుకోవాలి. మరిచిపోతానని కాదు. వచ్చినవాళ్లందరికీ చెప్పి చెప్పి ఇప్పటికే అది నాది కాకుండా పోతోంది.

ఉదయం మా ఆవిడ రెండు చెంచాల నీళ్లు తాగింది. మూడో చెంచాకు పెదవులు తెరవలేదు. అమ్మాయి తల దువ్వింది. చిక్కు తగిలినచోట వేళ్లతో విడదీసింది తప్ప లాగలేదు. అల్లుడు కాళ్ల దగ్గర స్టూలు వేసుకుని పాదాలు పడుతూ కూర్చున్నాడు. హాస్పిటల్ గదిలో ఏసీ పనిచెయ్యడం లేదు. అందరం చెమటతో తడిశాం. అతనొక్కడే పొడుగు చేతుల చొక్కాలో, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు.

మధ్యాహ్నం అమ్మాయి మందులకని కిందికి వెళుతూ అతన్ని కూడా రమ్మంది. వాళ్లు వెళ్లాక ఆవిడ కళ్లు తెరిచింది. "అల్లుడి కళ్లజోడు ఒకసారి చూడండి" అంది. సరే, వదులైనట్టుంది, బిగిస్తాలే అన్నాను. ఆవిడ కాసేపు నా వంక చూసింది. షాపులో నేను కొలత తప్పు రాసినప్పుడు చూసే చూపు. మళ్లీ కళ్లు మూసుకుంది.

సాయంత్రం పోయింది. బాధ పడలేదన్నాడు డాక్టరు. ఆయనకెలా తెలుసో అడగలేదు.

అమ్మాయి గోడకు తల కొట్టుకుని ఏడ్చింది. అల్లుడు పట్టుకోబోయి ఆగిపోయాడు. చేతులు గాలిలో ఉండిపోయాయి. ముట్టుకోవచ్చా అన్నట్టు ఆమె ముఖంలోకి చూసి, చేతులు దించుకుని వెనక్కి జరిగాడు. నర్సు వచ్చి పట్టుకుంది.

జీవితమంతా కళ్లజోళ్లు అమ్మినవాడి భార్య ఆఖరి మాట కళ్లజోడు గురించి. నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట.

మార్చి 15

షాపు తెరిచాను. ఇంట్లో ఉంటే రెండో కుర్చీ కనిపిస్తోంది.

పక్క షాపు గడియారం వచ్చి కూర్చున్నాడు. వాచీలు బాగుచేస్తాడు కాబట్టి అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. పెళ్లాం పోయినవాడికి పనికి మించిన మందు లేదన్నాడు. అతని పెళ్లాం నిక్షేపంగా ఉంది.

మార్చి 22

అల్లుడు వచ్చాడు. కళ్లజోడు జేబురుమాలులో చుట్టి తెచ్చాడు. అది లేకుండా బస్సు దిగి రోడ్డెలా దాటాడో తెలియదు. మైనస్ ఏడు. కళ్లజోడు తీస్తే అతనికి మనుషులంతా మరకలు.

చూసుకోకుండా దానిమీద కూర్చున్నాను మామయ్యా అన్నాడు. నేను అడగకముందే అన్నాడు.

కాడలు వేడిచేసి సరిచేశాను. పెట్టి చూశాను. కళ్లజోడు పెట్టేటప్పుడు మన రెండు చేతులూ ఒకేసారి ఎదుటి మనిషి ముఖం మీదికి వెళతాయి. ఈ పనిలో ఉన్న చనువు అదొక్కటే. కొందరు కళ్లు మూసుకుంటారు. కొందరు సిగ్గుపడి నవ్వుతారు. ఇతని తల భుజాల్లోకి దిగిపోయింది. ఊపిరి బిగబట్టాడు. కాడలు చెవుల మీద కూర్చున్నాక కూడా ఆ ఊపిరి వెంటనే వదల్లేదు.

ఉన్నంతసేపూ ఫోన్ మోగుతూనే ఉంది. ప్రతిసారీ లేచి నిలబడి మాట్లాడాడు. చివరిసారి నాకిచ్చాడు. అమ్మాయి. ఊరికే నాన్నా, నీ గొంతు విందామని అంది. తర్వాత, అతను అక్కడే ఉన్నాడా అంది.

మార్చి 23

మీద కూర్చుంటే అలా వంగదు.

మార్చి 24

చేతికి తెలిసింది తలకెక్కాలి. అందుకు రాస్తున్నాను.

మీద కూర్చుంటే కాడలు రెండూ బార్లా పడతాయి, మధ్య వంతెన కుంగుతుంది. కింద పడితే అద్దం మూల చిట్లుతుంది. బంతి తగిలితే అద్దం ఊడి బయటికొస్తుంది. ఇతనిది ఎడమ కాడ లోపలికి నొక్కుకుపోయింది. కుడి కాడ బయటికి విచ్చుకుంది. ముక్కుమీద ఆనే ఎడమ ప్యాడ్ అణిగిపోయింది. అది ఆనేచోట ముక్కు మీద గాటు ఉంది. దాని కింద పాత గాటు ఉంది.

దెబ్బ ఎడమ వైపు నుంచి వచ్చింది. అంటే ఎదురుగా నిలబడిన మనిషి కుడిచెయ్యి.

అతను స్కూల్లో లెక్కలు చెబుతాడు. పెద్ద క్లాసు కుర్రాళ్లెవరో అనుకున్నాను. బస్సులో తాగుబోతు ఎవడో అనుకున్నాను. ఎవరెవరి చేతులో తలుచుకున్నాను. ఆ ఒక్క చెయ్యి తప్ప.

మార్చి 30

అమ్మాయి భోజనానికి పిలిచింది. అచ్చం వాళ్లమ్మ చేసినట్టే చేసింది. ఉప్పు కూడా అంతే తక్కువ. నాకు కొసరి కొసరి వడ్డించింది. అతను పెట్టుకోబోతే చూసింది. గరిటె వదిలేశాడు. మీ అల్లుడికి ఆకలి కూడా నేను చెబితేనే వేస్తుంది నాన్నా అంది. వట్టి వాజమ్మ, నోట్లో వేలు పెడితే కొరకలేడు అంది. నేను నవ్వాను. అతనూ నవ్వాడు. నాకన్నా ముందు నవ్వాడు.

అతని ఫోన్ ఆమె కంచం పక్కన ఉంది. చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. బాత్రూమ్ తలుపుకు లోపలి గడియ లేదు. మరలు పీకినచోట చెక్క ఇంకా తెల్లగా ఉంది. ఆ తలుపుకు బయట గడియ ఉంది. అది బాగానే ఉంది.

తర్వాత అమ్మాయి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఇక నన్ను తిట్టేవాళ్లెవరున్నారు నాన్నా అంది. ఆ ఏడుపు అబద్ధం కాదు. ఆ గడియ కూడా అబద్ధం కాదు. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి.

బస్టాప్ దాకా వస్తావా బాబూ అని అతన్ని అడిగాను. అతను ఆమె వంక చూశాడు. ఆమె ఊఁ అన్నాక చెప్పులు వేసుకున్నాడు.

ఏప్రిల్ 2

పాత ఫ్రేముల డబ్బా తీశాను. బాగుకాని ఫ్రేముల్ని మేము పారెయ్యం. మరలకీ ప్యాడ్లకీ పనికొస్తాయి. ఆ డబ్బా ఆవిడ రాజ్యం. బేరం లేనప్పుడల్లా ముందేసుకుని, మరలు ఒక పక్కకి, కాడలు ఒక పక్కకి ఏరుతూ కూర్చునేది.

అడుగున, అద్దాలు తుడిచే పసుప్పచ్చ గుడ్డలో ఒక మూట. విప్పాను. అన్నీ అతనివే. అన్నిటికీ ఎడమ కాడే. కొత్తది ఇచ్చి పాతది నేను డబ్బాలో పడేస్తుంటే, ఆవిడ తీసి మూట కడుతూ వచ్చింది. వాటిలో ఒక్క మర కూడా ఊడదీయలేదు.

తెలుసన్నమాట.

కోపం వచ్చింది. పోయినవాళ్ల మీద కోపం ఎంత చేతకానిదో ఇవాళ తెలిసింది. సాయంత్రం దాకా ఆవిడ ఫొటోతో మాట్లాడలేదు. రోజూ మాట్లాడుతున్నానని కూడా అప్పుడే తెలిసింది.

ఎందుకు చెప్పలేదో ఊహించగలను. మీ కూతురు మొగుణ్ణి కొడుతోందని ఏ తల్లి నోరు తెరిచి అంటుంది. అన్నా నేను నవ్వేవాణ్ణి. ఆవిడకు నా నవ్వు తెలుసు. అందుకే నాకు అర్థమయ్యే భాషలో చెప్పింది, చూడండి అని. చూడటానికి ఇన్నాళ్లు పట్టింది.

ఏప్రిల్ 5

కళ్లు పరీక్ష చెయ్యాలని అల్లుణ్ణి పిలిపించాను. అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. లేకపోతే పంపదు. పరీక్ష గదిలో వేరే వెలుతురు ఉండకూడదని అతని ఫోన్ కౌంటర్ మీద పెట్టించాను. అది అబద్ధం కాదు.

చీకటి గది. ఎదురు గోడ మీద అక్షరాల చార్టు తప్ప ఏమీ కనిపించదు. మనుషులు కనిపించరు. పరీక్ష ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా, అది బాగుందా అని అడుగుతూ, అదే గొంతుతో, కొడుతోందా బాబూ అని అడిగాను.

చార్టు చదివాడు. అడగని వరుసలు కూడా చదివాడు. అక్షరాలు అయిపోయాక చెప్పాడు.

మొదట్లో మాటలేనట. తర్వాత విసిరే వస్తువులు. తర్వాత చెయ్యి. తర్వాత చేతికి ఏది అందితే అది. పొడుగు చేతుల చొక్కాలు అందుకేనట. "ముందు కళ్లజోడు తీసేస్తుంది మామయ్యా. ఆ తర్వాత ఏది ఎటునుంచి వస్తుందో కనిపించదు." తీసే ఓపిక లేని రోజుల్లోనే అది వంగుతుందట.

నేను ఆ మూటే మొత్తం అనుకున్నాను. అది ఓపిక లేని రోజుల మూట.

ఒకసారి నుదుటికి కుట్లు పడ్డాయట. డాక్టరు ఏం తగిలిందంటే తలుపు అన్నాడట. ఆ తలుపు పేరేమిటయ్యా అని డాక్టరు, పక్కన నర్సు, ఇద్దరూ నవ్వారట. వాళ్లన్నయ్యకు చెప్పబోతే నువ్వు మగాడివేనా అన్నాడట. మళ్లీ ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు బాబాయి బెల్టుతో కొట్టేవాడట. ఏడిస్తే, మగపిల్లాడివి ఏడుస్తావా అని ఇంకొకటి వేసేవాడట. కదలకుండా నిలబడితే తొందరగా అయిపోతుందని అప్పుడే తెలుసుకున్నాడట. మామూలుగా చెప్పాడు, ఎక్కం అప్పజెప్పినట్టు.

తిరిగి ఎందుకు కొట్టవని నేను అడగలేదు. అతనే చెప్పాడు. చెయ్యి అడ్డం పెట్టినా, కొడుతున్నాడని కేకలు పెడుతుందట. మెట్ల పక్క ఫ్లాట్లలో అందరి తలుపులూ తెరుచుకుంటాయి. ఎవరి మాట నమ్ముతారో వేరే చెప్పాలా అన్నాడు.

మంచి రోజులు కూడా ఉన్నాయన్నాడు. అత్తయ్య పోయిన దుఃఖంలో ఉంది, మీరేమీ అనకండి అన్నాడు. దుఃఖానికి ముందు వంగినవి మూటలో ఉన్నాయి.

అద్దాల నంబరు మారలేదు. ఇంకో జత చేసిస్తాను, స్కూల్లో దాచుకో అన్నాను. ఆడవాళ్లకు ఇచ్చే సలహా అది, బీరువాలో నాలుగు డబ్బులు దాచుకోమని.

ఏప్రిల్ 6

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. ఆ సామెతలో కనీసం దెబ్బను ఎవరూ కాదనలేదు. ఇతనికి దెబ్బ లేదు. నవ్వొక్కటే ఉంది.

ఏప్రిల్ 9

షాపుకొచ్చే ప్రతి మగవాడి ఎడమ కాడా చూస్తున్నాను. ఇవాళ ఒకాయన, లారీ నడుపుతాడు, మెడ ఎద్దు మెడలా ఉంది. ఎడమ కాడ లోపలికి నొక్కుకుపోయింది. ఏమైందన్నాను. తలుపు తగిలిందన్నాడు. నేను నవ్వలేదు. నవ్వలేదని ఆయన నావైపు రెండోసారి చూశాడు. ఏదో అనబోయి, ఎంతయిందని అడిగాడు.

ఏప్రిల్ 12

అల్లుడు ఇంట్లో లేని వేళ చూసి వెళ్లాను. దారంతా మాటలు కూడగట్టుకున్నాను. ఆమె తలుపు తీసి నాన్నా అనగానే అన్నీ పోయాయి. మూట బల్ల మీద పెట్టి విప్పాను.

ముందు నవ్వింది. తన కాళ్లే తనకి తగిలి పడే రకం, నీకు తెలీదా అంది. తర్వాత ముఖం మారింది. చాడీలు చెప్పాడా అంది. చెప్పలేదన్నాను. నాకు అబద్ధం చేత కాదని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తర్వాత ఏడ్చింది. ఆఫీసులో ఎంత నలుగుతోందో, ఇంటికొస్తే ఆ బండరాయితో ఎలా వేగుతోందో చెప్పింది. విన్నాను. ఆ నలుగుడు నిజమే అయి ఉంటుంది.

మేము ఆమె మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. మా ఇద్దరి మధ్యా ఆ మాటే లేదు. ఎక్కడ నేర్చుకుందని రేపు అందరూ అడుగుతారు. నాకు తెలియదు.

డాక్టరును కలుద్దాం తల్లీ, కోపానికి కూడా వైద్యం ఉంది అన్నాను. కొన్నాళ్లు అతను నా దగ్గర ఉంటాడన్నాను.

"నువ్వు ఎవరి వైపు నాన్నా?"

గొంతు అచ్చం వాళ్లమ్మది. మూట కట్టుకుని లేచాను. గుమ్మం దగ్గర నా కాలరు మడతపడిందని సర్దడానికి చెయ్యి ఎత్తింది. నా తల భుజాల్లోకి దిగిపోయింది.

ఇద్దరం చూశాం. ఆమె చెయ్యి అక్కడే ఆగింది.

ఇంటికి వచ్చాను. మొత్తానికి పెద్దమనిషిలా నాలుగు మాటలు చెప్పి వచ్చాననుకున్నాను.

ఏప్రిల్ 13

షాపు తెరవబోతే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కళ్లజోడు లేదు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. కుడి కంటితో కూడా నన్ను పోల్చుకోలేదు. తాళాల చప్పుడు విని మామయ్యా అన్నాడు.

రెప్ప ఎత్తి టార్చి వేశాను. ఏం కనిపిస్తోందన్నాను. పక్కనుంచి నల్లటి తెర దిగుతున్నట్టుంది అన్నాడు.

దేంతో అని అడగలేదు. మైనస్ ఏడు కంట్లో లోపలి పొర పలచగా ఉంటుంది. దెబ్బ తగిలితే తడిసిన గోడ మీది కాగితంలా ఊడివస్తుంది. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబు.

టాక్సీలో తీసుకెళ్లాను. అదే హాస్పిటల్. అదే లిఫ్టు.

నిన్న వెళ్లి చెప్పి, అతన్ని ఆ ఇంట్లోనే ఉంచి వచ్చాను. ముందు మనిషిని బయటికి తేవాలి. తర్వాతే మాటలు. మాటలతో మొదలుపెట్టాను.

ఏప్రిల్ 14

ఆపరేషన్ అయింది. చూపు ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. పొర మళ్లీ అతుక్కోవాలంటే కొన్నాళ్లు ముఖం కిందికి పెట్టుకునే ఉండాలట, పడుకున్నా, కూర్చున్నా.

తల వంచుకుని ఉండటం నాకు అలవాటే మామయ్యా అన్నాడు. ఇన్నేళ్లలో అతని నోట నేను విన్న మొదటి జోకు.

ఏప్రిల్ 15

అమ్మాయి మొన్నే స్టేషన్‌కి వెళ్లిందట. మొగుడు కొట్టాడని కాగితం ఇచ్చింది. మణికట్టు మీద వేళ్ల గుర్తులున్నాయట. ఉంటాయి. అడ్డుకున్నవాడి వేళ్లు.

మొగుణ్ణి కొట్టి మొగసాలెక్కినట్టు. దీనికీ సామెత ఉంది. సామెత ఉందంటే తాతల కాలం నుంచీ జరుగుతోందన్నమాట. అందరికీ తెలిసే, నవ్వుకోవడానికి ఉంచుకున్నాం.

ఇన్‌స్పెక్టర్ వార్డుకు వచ్చాడు. నా దగ్గరే రీడింగ్ గ్లాసులు కొన్నాడు. ఆడపిల్ల తండ్రి అయ్యుండి మీరు ఇక్కడ ఉండటమేమిటి మాస్టారూ అన్నాడు. జరిగింది చెప్పాను. అతని మీసం కింద పెదవి కదిలింది. అమ్మాయి కుస్తీలు గాని పట్టేదా అన్నాడు. వెంట వచ్చిన కానిస్టేబుల్ గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. అల్లుడు ముఖం కిందికి పెట్టుకుని ఉన్నాడు కాబట్టి చూడలేదు. విన్నాడు. మెడ వెనక కండరం బిగుసుకుంది.

ఎవరు చెప్పేది వాళ్లు పద్దెనిమిదో తారీకు ఉదయం వచ్చి చెప్పమన్నాడు. అల్లుడు లేవలేడు కాబట్టి అతని మాట ఇక్కడే రాసుకుంటారట. నన్నెవరూ రమ్మనలేదు.

మా తమ్ముడు ఫోన్ చేశాడు. వదిన పోయి రెండు నెలలు కాలేదు, కూతుర్ని రోడ్డుకు ఈడుస్తావా అన్నాడు. అల్లుళ్లు వస్తారు పోతారు, నీ చివరి రోజుల్లో మంచినీళ్లు ఇచ్చేది ఎవరన్నాడు. వాడు చెప్పింది తప్పు కాదు. నాకు ఆమె తప్ప ఎవరూ లేరు.

ఏప్రిల్ 16

గడియారానికి చెప్పాను. పగలబడి నవ్వాడు. నేను ఆగాను. ఇంకొంచెం నవ్వాడు. తర్వాత కంటికున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

వాళ్ల పెద్దన్న ఏళ్ల తరబడి రాత్రిళ్లు షాపులోనే పడుకునేవాడట. ఇంటికి వెళ్లేవాడు కాదు. పని పిచ్చి అనుకునేవాళ్లమన్నాడు. చలికాలం కూడా నేల మీదే పడుకునేవాడన్నాడు. దుప్పటి పంపిస్తే వదినకు చెప్పొద్దురా అనేవాడట. అన్నా నేనూ ఇద్దరం నవ్వుకునేవాళ్లం అన్నాడు. ఆ పెద్దన్న ఇప్పుడు లేడు.

చాలాసేపు ఏ వాచీ ముట్టుకోలేదు.

అమ్మాయి ఫోన్ చేసింది. ఊపిరొక్కటే వినిపించింది. తిన్నావా తల్లీ అన్నాను. పెట్టేసింది.

ఏప్రిల్ 17

రేపు ఉదయం షాపు తెరవను. మూట తీసుకుని స్టేషన్‌కి వెళతాను. ఒక్కొక్క ఫ్రేమూ బల్ల మీద పెట్టి, ఏది ఎటునుంచి వంగిందో చెబుతాను. నవ్వితే, నవ్వడం అయ్యేదాకా ఆగి, మళ్లీ మొదటి ఫ్రేము నుంచి చెబుతాను.

అతనికి మీరేమవుతారని అడుగుతారు. ఆమె తండ్రినని చెబుతాను.